చదివితే సరిపోదు, వాడి చూడాలి: ఉమ్మడి లైబ్రరీలోకి కొత్త కోడ్ వచ్చినప్పుడు

నలుగురూ తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్ లైబ్రరీకి ఎవరైనా కొత్త మాడ్యూల్ (ఒక పని చేసే కోడ్ భాగం) పంపితే రివ్యూ, అంటే చేర్చుకునే ముందు ఇతరులు చేసే పరిశీలన, ఎలా మొదలవుతుందో అందరికీ తెలిసిందే. ఒకరు వేరియబుల్ పేరు బాగాలేదంటారు. ఇంకొకరు ఈ లూప్ ఎందుకు, ఫలానా ఫంక్షన్ ఉందిగా అంటారు. మరొకరు ఖాళీ లైన్ల దగ్గర ఆగిపోతారు. పంపినవాళ్లు ఓపిగ్గా అన్నీ సరిదిద్దుతారు. వారం తిరిగేసరికి ఇద్దరు "బాగుంది" అని రాస్తారు, కోడ్ లోపలికి వెళ్లిపోతుంది. చాలాసార్లు ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ మాడ్యూల్‌తో పది లైన్ల ప్రోగ్రాం రాసి ఉండరు.

కొత్త సబ్మిషన్‌ని రివ్యూ చేయడం, ఉన్న కోడ్‌లో చిన్న మార్పుని రివ్యూ చేయడం ఒకటే పని అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. మార్పు వచ్చినప్పుడు ఆ మాడ్యూల్ ఎందుకుందో, దాన్ని ఎలా వాడతారో అప్పటికే తేలిపోయి ఉంటుంది. మారిన లైన్లు చూస్తే చాలు. కొత్తది వచ్చినప్పుడు అవేవీ తేలి ఉండవు. ఫంక్షన్ లోపలి లూప్‌ని వచ్చే నెలలోనైనా మార్చుకోవచ్చు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఫంక్షన్ పేరు, పారామీటర్ల (దానికి ఇచ్చే విలువల) వరస, డిఫాల్ట్ విలువలు, విఫలమైతే ఏ ఎర్రర్ వస్తుంది అన్నవి మాత్రం ఒకసారి రిలీజ్ అయ్యాక ఇతరుల కోడ్‌లో పాతుకుపోతాయి. వాడేవాళ్లు తగినంతమంది ఉంటే, డాక్యుమెంటేషన్‌లో ఏం రాసినా రాయకపోయినా, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారని గూగుల్‌లో పనిచేసిన ఇంజినీర్ హైరమ్ రైట్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. లైబ్రరీలు నడిపినవాళ్లెవరూ దీన్ని కాదనరు. కాబట్టి మొదటి రివ్యూలో పెట్టే శ్రమంతా తర్వాత మార్చలేని వాటి మీదే పెట్టాలి. అవి కోడ్ చదివితే కనిపించవు. కూర్చుని వాడితేనే తగులుతాయి.

ఒక చిన్న ఉదాహరణ దగ్గరగా చూద్దాం. నెట్‌వర్క్ కాల్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించే మాడ్యూల్ ఒకటి వచ్చిందనుకోండి. మొత్తం అరవై లైన్లు. పైకి కనిపించే ఫంక్షన్ ఒక్కటే: రీట్రై, మూడు పారామీటర్లతో. చేయాల్సిన పని, సంఖ్య, ఆలస్యం. కోడ్ శుభ్రంగా ఉంది, టెస్టులన్నీ పాసయ్యాయి, చదివితే తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇప్పుడు దాంతో ఒక ప్రోగ్రాం రాయండి. సంఖ్య దగ్గర 3 అని రాయబోతూనే చెయ్యి ఆగుతుంది. మొత్తం మూడుసార్లు ప్రయత్నిస్తుందా, మొదటిది విఫలమయ్యాక ఇంకో మూడుసార్లా? ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. ఒక సర్వీసు ఇంకోదాన్ని, అది మరోదాన్ని పిలిచే చోట మూడు అంచెల్లోనూ ఇదే ఫంక్షన్ ఉంటే, మొదటి అర్థంలో చివరి సర్వర్‌కి 27 కాల్స్ వెళ్తాయి, రెండో అర్థంలో 64. అసలే కుంటుతున్న సర్వర్ ఆ దెబ్బకి పూర్తిగా పడిపోతుంది. తర్వాత ఆలస్యం దగ్గర 2 అని రాస్తారు. సెకన్లా, మిల్లీసెకన్లా? పేరులో యూనిట్ లేదు, టైపు కేవలం అంకె. మిల్లీసెకన్లు అనుకుని ఒకరు 2000 ఇస్తే, ఫంక్షన్ సెకన్లుగా తీసుకుని అరగంట దాటి నిద్రపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. ప్రోగ్రాం వేలాడుతూ ఉంటుందంతే.

ఇంకొంచెం ముందుకి వెళ్లి, నెట్‌వర్క్ తీసేసి ప్రోగ్రాం నడపండి. అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే మధ్యలో కంట్రోల్ సీ నొక్కండి. ఆగిందా? పైథాన్‌లో రాసిన ఇలాంటి మాడ్యూళ్లలో తరచూ కనిపించే లోపం ఇక్కడే బయటపడుతుంది. ఎర్రర్లని పట్టుకునే చోట ఏ రకమో చెప్పకుండా ఎక్సెప్ట్ అని ఊరికే వదిలేస్తే కీబోర్డ్ ఇంటరప్ట్ (కంట్రోల్ సీ పంపే సంకేతం) కూడా అందులోనే పడుతుంది. "ఇక ఆపు" అని మనిషి చెప్పిన మాటని కూడా అది మరో వైఫల్యంగా లెక్కేసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. అరవై లైన్లు చదివిన ముగ్గురిలో ఇది ఒక్కరి కంటికైనా కనిపిస్తుందని చెప్పలేం. ప్రోగ్రాం నడిపినవాళ్లకి మాత్రం ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

చివరి ప్రయత్నమూ విఫలమైతే అసలు ఎర్రర్ చేతికొస్తుందా, లేక "ప్రయత్నాలు అయిపోయాయి" అనే కొత్త ఎర్రర్ వచ్చి అసలు కారణం మాయమవుతుందా? ఏ ఎర్రర్‌కి మళ్లీ ప్రయత్నించాలో ఎవరు నిర్ణయిస్తారు? పాస్‌వర్డ్ తప్పయితే వందసార్లు ప్రయత్నించినా తప్పే. డబ్బు పంపే కాల్‌లో జవాబు మాత్రమే రాకుండా పోయి ఉంటే, మళ్లీ పంపడం వల్ల డబ్బు రెండుసార్లు వెళ్తుంది. ఆలస్యం 1, 2, 4, 8 సెకన్లుగా పెరుగుతుంటే మంచిదే, కానీ అందులో కాస్త యాదృచ్ఛికత కలపకపోతే ఒకే క్షణంలో విఫలమైన వెయ్యి క్లయింట్లు మళ్లీ ఒకే క్షణంలో తలుపు తడతాయి. ఇవన్నీ ఇంటర్‌ఫేస్ (వాడేవాళ్లకి బయటికి కనిపించే భాగం) ప్రశ్నలే. వీటికి జవాబు రిలీజ్‌కి ముందు దొరకాలి. రిలీజ్ తర్వాత దొరికితే దాన్ని అమలు చేయడానికి కొత్త ఫంక్షన్ పెట్టి, పాతదాన్ని ఏళ్ల తరబడి మోయాల్సి వస్తుంది.

అందుకే రివ్యూ చేసే వరస మార్చమంటాను. ముందు సోర్స్ ఫైళ్లు తెరవొద్దు. రీడ్‌మీ (ప్రాజెక్టుని పరిచయం చేసే ఫైల్) ఒక్కటే చదివి, పావుగంటలో అది ఎవరి కోసమో, ఏ పని చేస్తుందో, ముఖ్యంగా ఏ పని చేయదో మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి. రాయలేకపోతే అదే మొదటి రివ్యూ వ్యాఖ్య. తర్వాత కొత్త కంటైనర్‌లోనో కొత్త వర్చువల్ మెషీన్‌లోనో, అంటే ముందే ఏమీ ఇన్‌స్టాల్ చేసి లేని చోట, డాక్యుమెంటేషన్‌లో చెప్పిన ఆదేశాలు చెప్పినట్టే టైప్ చేయండి. రచయిత మెషీన్‌లో ఎప్పుడో వేసుకుని మర్చిపోయిన డిపెండెన్సీ (ఈ కోడ్ ఆధారపడే వేరే ప్యాకేజీ) ఇక్కడ బయటపడుతుంది. ఆ తర్వాత రచయిత ఇచ్చిన ఉదాహరణని పక్కన పెట్టి, మీ సొంత అవసరం ఒకటి తీసుకుని నలభై యాభై లైన్ల ప్రోగ్రాం రాయండి. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగిన ప్రతి చోటా, డాక్యుమెంటేషన్‌లో వెతకాల్సి వచ్చిన ప్రతిసారీ, ఊహించినట్టు కాకుండా ఇంకోలా పనిచేసిన ప్రతిసారీ అక్కడికక్కడే గుర్తు పెట్టుకోండి. రెండోసారికి మీకు అలవాటైపోతుంది, ఇక కనిపించదు. కొత్తవాళ్ల కళ్లు మీకు ఒక్కసారే ఉంటాయి.

ప్రోగ్రాం పనిచేశాక దాన్ని ఇబ్బంది పెట్టండి. ఖాళీ ఇన్‌పుట్, మెమరీ కన్నా పెద్ద ఇన్‌పుట్, ఖాళీ స్పేసులున్న ఫోల్డర్ పేరు, తెలుగులో ఉన్న ఫైల్ పేరు, నిండిపోయిన డిస్క్, ఒకేసారి రెండు థ్రెడ్లు. దశాంశానికి చుక్క బదులు కామా వాడే జర్మన్ లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగ్) పెట్టి చూడండి. సంఖ్యల్ని చదివే లైబ్రరీలు చాలా అక్కడ తడబడతాయి. టైమ్ జోన్ మార్చి టెస్టులు నడపండి. ఇంత అయ్యాకే సోర్స్ తెరవాలి. అప్పుడు ఏ ఫైల్ ఎందుకు చదువుతున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉంటుంది. మధ్యస్థంగా ఉండే లైబ్రరీకి ఇదంతా ఒక పూర్తి రోజు పని. రోజు కేటాయించలేనివాళ్లు రివ్యూ చేయకూడదని అనను. ఎంత చేశారో నిజాయితీగా చెబితే చాలు.

ఈ చివరి మాట సీ ప్లస్ ప్లస్ భాష వాళ్ల బూస్ట్ దగ్గర నేర్చుకోదగ్గది. 1998లో మొదలైన ఈ లైబ్రరీల సముదాయంలోకి కొత్తది రావాలంటే బహిరంగ రివ్యూ జరగాలి. సాధారణంగా పది రోజుల గడువు. రివ్యూ రాసేవాళ్లని అడిగే ప్రశ్నల్లో డిజైన్, ఇంప్లిమెంటేషన్, డాక్యుమెంటేషన్, ఉపయోగం గురించి ఉన్నట్టే, మీరు లైబ్రరీని వాడి చూశారా, ఏ కంపైలర్‌తో, ఇబ్బందులేమైనా వచ్చాయా అనీ ఉంటుంది. ఎంత శ్రమ పెట్టారు, పైపైన చూశారా, త్వరగా చదివారా, లోతుగా పరిశీలించారా, ఈ విషయంలో మీకు పరిచయం ఎంత అనీ అడుగుతారు. చివరికి చేర్చుకోవాలా వద్దా అని అభిప్రాయం చెప్పాలి. ఆ అభిప్రాయాలు ఓట్లుగా లెక్కపెట్టడానికి కాదు. రివ్యూ మేనేజర్ అని ఒకరుంటారు. లైబ్రరీ రచయిత ఆ పని చేయకూడదు. అన్ని రివ్యూలూ చదివి, ఎవరి మాటకి ఎంత బరువుందో తూచి, నిర్ణయాన్ని కారణాలతో సహా రాయాల్సింది వాళ్లే. సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలోకి 2011లో వచ్చిన షేర్డ్ పాయింటర్, 2017లో వచ్చిన ఫైల్‌సిస్టమ్ అనే భాగాలు రెండూ బూస్ట్‌లో పుట్టి పెరిగినవే.

ఓట్ల లెక్క వద్దనడం కొందరికి అప్రజాస్వామికంగా తోస్తుంది. నాకు అలా అనిపించదు. ఒక్క రివ్యూ, పదిమంది మెచ్చుకోలుని పక్కకు పెట్టించగలగాలి, ఆ ఒక్కరూ ప్రోగ్రాం రాసి, డేటా పాడవుతున్న చోటు చూపించి ఉంటే. థంబ్స్-అప్ గుర్తులు లెక్కపెట్టే పద్ధతిలో ఆ ఒక్కరి మాట అడుగున పడిపోతుంది. పేరు పెట్టి ఒక మనిషి బాధ్యత తీసుకుంటే, "అందరూ బాగుందన్నారు" అనే సాకుకి చోటుండదు.

ఈ పద్ధతికీ లోటుపాట్లున్నాయి. రివ్యూ మేనేజర్‌గా ఉండటానికి ఎవరూ ముందుకు రాకపోతే లైబ్రరీ వరసలో నెలల తరబడి ఆగిపోతుంది; ఈలోగా రచయితకి ఉత్సాహం పోతుంది. "షరతులతో అంగీకారం" అనే తీర్పు ఇంకో సమస్య. డాక్యుమెంటేషన్ మెరుగుపరచాలి అనే షరతు ఎప్పుడు తీరినట్టో ఎవరు చెప్పగలరు? షరతు రాసేవాళ్లు అది తీరిందో లేదో మూడో మనిషి కూడా సరిచూడగలిగేలా రాయాలి: ప్రతి పబ్లిక్ ఫంక్షన్ ఏ ఎర్రర్లు ఇస్తుందో డాక్యుమెంటేషన్‌లో ఉండాలి, ఆలస్యం పారామీటర్ అంకెగా కాకుండా కాలవ్యవధి టైపుగా మారాలి, ఫలానా తేదీలోగా. అలా రాయలేని షరతుని షరతుల్లోంచి తీసి సలహాల్లో వేయాలి.

మెషీన్ చేయగల పనిని మనిషికి అప్పగించకపోవడం కూడా రివ్యూ చేసేవాళ్ల పట్ల గౌరవమే. ఫార్మాటింగ్, కంపైలర్ హెచ్చరికలు, టెస్ట్ కవరేజీ, డాక్యుమెంటేషన్‌లో విరిగిన లింకులు, ఇవన్నీ సబ్మిషన్ మనుషుల దాకా రాకముందే తేలిపోవాలి. ఆర్ భాష ప్యాకేజీల భండారమైన క్రాన్‌లో ప్రతి ప్యాకేజీ ఆటోమేటిక్ చెక్ దాటాల్సిందే. వాళ్ల నియమాలు కొన్ని మరీ పట్టింపుగా అనిపిస్తాయి గానీ చాలావాటి వెనక అనుభవం ఉంది. యూజర్ హోమ్ ఫోల్డర్‌లో అడగకుండా ఏమీ రాయకూడదు, తాత్కాలిక ఫోల్డర్ వాడాలి. చెక్ నడుస్తున్నప్పుడు రెండు కోర్లకి మించి వాడకూడదు, ఎందుకంటే అదే మెషీన్‌లో వేరే ప్యాకేజీల చెక్‌లూ నడుస్తుంటాయి. ఉదాహరణలు కొద్ది సెకన్లలో ముగియాలి. ఇవి దాటాక కొత్త ప్యాకేజీని మనిషి కూడా చూస్తారు. మెషీన్‌కీ మనిషికీ మధ్య పని పంపకం సరిగ్గా ఉంటే మనిషికి మిగిలేది తీర్పు ఒక్కటే.

లైసెన్స్ సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో వాదించడానికేమీ లేదు, చేయాల్సిందే. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వచ్చే కొత్త ప్యాకేజీలని చూసేవాళ్లు ప్రాజెక్ట్ మొదట్లో ఉన్న లైసెన్స్ ఫైల్‌తో సరిపెట్టుకోరు. కాపీరైట్ వివరాలు ఫైళ్ల వారీగా సరిపోవాలి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తెచ్చి అతికించిన ఇరవై లైన్లకి క్రియేటివ్ కామన్స్ షేర్-అలైక్ (మార్చి పంచినా అదే లైసెన్స్‌తో పంచాలన్న) షరతు వర్తిస్తుంది. టెస్టుల ఫోల్డర్‌లోని నమూనా ఫోటోకి, ఫాంట్‌కి, డేటా ఫైల్‌కి కూడా ఎవరో ఒక హక్కుదారు ఉంటారు. ఎక్కువసార్లు దొరికిపోయేది టెస్టుల ఫోల్డరే.

ఇంత తతంగం దేనికి, ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకుంటారు, బాగున్నది నిలుస్తుంది అనేవాళ్లున్నారు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఎన్‌పీఎం, పైథాన్ ప్యాకేజీల పైపీఐ అలాగే పెరిగాయి. ముందస్తు రివ్యూ ఉంటే అంత వేగంగా పెరిగేవి కావు. ఈ వాదనలో సగం నిజం. ఎవరైనా ప్యాకేజీ పెట్టుకోగల రిజిస్ట్రీ వేరు, "ఇది మేమంతా కలిసి నిలబెడతాం" అని చెప్పే ఉమ్మడి లైబ్రరీ వేరు. రిజిస్ట్రీకి ఇంత లోతైన రివ్యూ పనికిరాదు. అక్కడ జూలియా భాష జనరల్ రిజిస్ట్రీ లాంటి మధ్యేమార్గం నాకు నచ్చుతుంది. కొత్త ప్యాకేజీ ఆటోమేటిక్ చెక్‌లు దాటినా మూడు రోజులు ఆగుతుంది. ఆలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. పేరు కనీసం ఐదక్షరాలుండాలి, ఉన్న పేర్లకి మరీ దగ్గరగా ఉంటే ఆటోమేటిక్‌గా చేరదు. ఒక అక్షరం తేడాతో పేరు పెట్టి మోసం చేసేవాళ్లకి ఇది కొంత అడ్డు. పేరు తర్వాత మార్చలేం కాబట్టి కనీసం పేరు దగ్గరైనా ఆగి ఆలోచించడం సరైన పనే.

2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దాని మీద నేరుగానో పరోక్షంగానో ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. ఆ పదకొండు లైన్లలో తప్పేమీ లేదు. కోడ్ రివ్యూ ఎంత చేసినా అక్కడ పట్టుకునేదేమీ ఉండేది కాదు. అడగాల్సిన ప్రశ్నలు రెండు, రెండూ కోడ్ బయటివి: ఇంత చిన్నదానికి విడిగా డిపెండెన్సీ అవసరమా, రచయిత తప్పుకుంటే ఏమవుతుంది? ఉమ్మడి లైబ్రరీలో రివ్యూ ఈ రెండో ప్రశ్నని రచయిత ముందే పెట్టాలి. రిలీజ్ చేసే హక్కు ఎవరి దగ్గరుంది, ఇద్దరి దగ్గరైనా ఉందా, ఇంకో రెండేళ్లకి మీకు ఆసక్తి పోతే దీన్ని ఎవరికి అప్పగిస్తారు అని. జవాబు "తెలియదు" అయినా ఫరవాలేదు, నిర్ణయంలో అది రాసి ఉండాలి.

ఈ అప్పగింత దగ్గరే పెద్ద ప్రమాదాలు జరిగాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని, నడిపే ఓపిక లేని అసలు రచయిత, అడిగిన కొత్త మనిషికి ఇచ్చారు. ఆ మనిషి చేర్చిన కొత్త డిపెండెన్సీలో ఒక బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌ని గురి చేసుకున్న హానికర కోడ్ ఉంది. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లని కుదించే సాధనం) వ్యవహారం ఇంకా లోతైనది. సహ నిర్వాహకుడిగా నమ్మకం సంపాదించుకున్న ఖాతా రెండేళ్లకు పైగా మామూలు పనులు చేసి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే మార్గం) లాగిన్‌కి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆరా తీయడంతో అది దొరికింది. తలుపు దగ్గర చేసే రివ్యూ ఇలాంటి దాన్ని ఆపదు, ఆపుతుందని చెప్పడం తప్పు. కానీ ఎక్కడ దాచారో చూస్తే తలుపు దగ్గర ఏం చూడాలో తెలుస్తుంది. హానికర భాగం టెస్టుల కోసమన్నట్టు పెట్టిన బైనరీ ఫైళ్లలో ఉంది. దాన్ని బయటికి తీసే బిల్డ్ స్క్రిప్ట్ గిట్ రిపాజిటరీలో (అందరూ చూసే సోర్స్ కోడ్ భండారంలో) లేదు, రిలీజ్ ఆర్కైవ్‌లో (విడుదల కోసం మూటకట్టిన ఫైల్‌లో) మాత్రమే ఉంది. కాబట్టి కొత్త సబ్మిషన్‌లో రిలీజ్ ఆర్కైవ్‌ని విప్పి రిపాజిటరీతో పోల్చండి, తేడా ఉన్న ప్రతి ఫైల్‌కీ కారణం అడగండి. బైనరీ టెస్ట్ ఫైల్ ఉంటే దాన్ని తయారుచేసే స్క్రిప్ట్ కూడా ఉండాలనండి. ఇన్‌స్టాల్ సమయంలో నడిచే కోడ్ ఏదైనా ఉంటే ప్రతి లైనూ చదవండి. సోర్స్ చదవడం నిజంగా తప్పనిసరి అయ్యే చోటు ఇదే.

ఇప్పుడు కోడ్ రాసిచ్చే ఏఐ సాధనాల వల్ల సబ్మిషన్ తయారుచేయడం తేలికైపోయింది, రివ్యూ మాత్రం అంతే బరువుగా ఉంది. ఎవరు దేంతో రాశారని ఆరా తీయడం కన్నా, సబ్మిషన్‌తో పాటు ఒక పేజీ డిజైన్ నోట్ అడగడం మేలు: మీరు పరిశీలించి వదిలేసిన ప్రత్యామ్నాయం ఏది, ఎందుకు వదిలేశారు? మీ ఇంటర్‌ఫేస్‌లో మీకే నచ్చని భాగం ఏది? సమస్యతో కుస్తీ పట్టినవాళ్లు వీటికి తడుముకోకుండా జవాబిస్తారు, తర్వాతి ప్రశ్నకి కూడా ఇస్తారు. ఇవ్వలేనివాళ్లు రేపు బగ్ వచ్చినప్పుడూ ఇవ్వలేరు.

తిరస్కరించడం గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన దగ్గర అది సరిగ్గా జరగదు. కాదని చెప్పడానికి మొహమాటపడి జవాబివ్వకుండా ఊరుకుంటారు. పంపినవాళ్లకి దానికన్నా బాధ ఇంకోటి లేదు. "ఇది మాకు సరిపడదు" అని రాసినా చాలదు. "ఆలస్యం పారామీటర్‌కి యూనిట్ లేదు, నా ప్రోగ్రాంలో 2000 ఇస్తే అరగంటకు పైగా ఆగిపోయింది, కాలవ్యవధి టైపు తీసుకుంటే ఈ సమస్య ఉండదు" అని రాస్తే, తిరస్కారమైనా సరే, చదివినవాళ్ల చేతిలో చేయాల్సిన పని ఉంటుంది. ఏం మారితే మళ్లీ పంపొచ్చో చెప్పాలి. ఎంత మారినా తీసుకోలేమంటే, అంటే లైబ్రరీ పరిధిలోకే రాదంటే, అది మొదటి రోజే చెప్పాలి. పదిమంది చేత వారం పని చేయించుకున్నాక పరిధి గుర్తుకు రావడం ఎవరికీ మర్యాద కాదు.

నిర్ణయం, దాని కారణాలు, రివ్యూ చేసినవాళ్లు రాసిన ఆ చిన్న ప్రోగ్రాములు, అన్నీ కోడ్ పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ప్రోగ్రాములని టెస్టులతో పాటు ప్రతి రిలీజ్‌కీ నడపొచ్చు. రచయితకి సంబంధం లేకుండా బయటివాళ్లు రాసినవి కాబట్టి ఇంటర్‌ఫేస్ పొరపాటున మారితే ముందు అవే విరుగుతాయి. ఇక గడువు ముగిసేసరికి అలాంటి ప్రోగ్రాం ఒక్కటి కూడా రాకపోతే, "బాగుంది" అని ఎంతమంది రాసినా, అంగీకారమూ ఇవ్వొద్దు, తిరస్కారమూ ఇవ్వొద్దు. "ఎవరూ వాడి చూడలేదు కాబట్టి నిర్ణయం వాయిదా" అని ఆ మాటలతోనే రాసి, రివ్యూని కొత్త తేదీతో మళ్లీ తెరవండి.